సముద్రం పక్క వాకిలి

ఎలిశబెతు ఎండుచేపల గంప నెత్తికెత్తుకుని గూడూరు బస్సెక్కి పోయింది. ఆమె చెప్పిన మాట మాత్రం పోలేదు. మస్తానమ్మ ఇంట్లోనే మకాం పెట్టింది. ముద్ద నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడింది. కన్ను మూస్తే రెప్పల మీద కూర్చుంది.

ఆ మాటేమిటో తెలియాలంటే యాభైమూడో సంవత్సరంలోకి పోవాలి. పాతవాళ్ళకు తెలిసిన సంగతే. కాస్త ఓర్చుకోండి.

ఏరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. రొయ్య అక్కడే పెరుగుతుంది. మస్తానమ్మ ఊరు మొగపాళెం అన్నం తినేది ఆ రొయ్య మీదే. ఆ ఏడు మొగను వేలం వేశారు. నీళ్ళను వేలం వేయడమేమిటని అడక్కండి, వేశారు. పాట పాడిన గూడూరు ఆసామి మొగకు అడ్డంగా వెదురు తడికెలు కట్టించాడు. అడగబోయిన వాళ్ళకు కావలివాళ్ళ కర్రలు జవాబు చెప్పాయి. సరే, తెల్లవారుజామున పడవల్లో పోయి తడికెలు కోసేద్దామని నలుగురు కూడబలుక్కున్నారు. మస్తానమ్మ మొగుడు ముత్యాలయ్య, అతని తమ్ముడు ఆదెయ్య, చిన్నపోలయ్య, పెద్దమనిషి హజరత్తయ్య. మిగతా ఊరికి పడవ ఎక్కేదాకా సంగతి చెప్పలేదు. అయినా సరుగుడు తోపులో పోలీసులు ముందే వచ్చి కాచుకుని ఉన్నారు. లాఠీ దెబ్బ తలకు తగిలి ముత్యాలయ్య మొగలో పడిపోయాడు. మూడోనాడు సముద్రం అతణ్ణి ఒడ్డుకు తెచ్చి పడేసింది.

ఆ గొడవకు ముందు రెండు రోజులూ పాళెంలో దురాయి. ఊరిపెద్ద పెద్దకాపు తల్లి చచ్చిపోయింది, ఎవరూ నీళ్ళ మీదికి పోకూడదు, ఏరు దాటకూడదు అని ఊరి కట్టడి. కన్నతండ్రి మాటైనా దాటుతారు గాని దురాయి దాటే మగవాడు ఆ తీరంలో పుట్టలేదని చెప్పుకునేవాళ్ళు. పుట్టాడు. ఎలిశబెతు చెప్పింది అదే. ఆ రెండు రోజుల్లో పాటదారు ఏటి అవతల, ఇసక దిబ్బ చాటున తాటాకు పాక వేయించాడు. కావలివాళ్ళకు వండిపెట్టడానికి ఎలిశబెతు కుదిరింది. దురాయి రెండో రోజు మిట్టమధ్యాహ్నం మొగపాళెం మనిషొకడు ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఆ పాకలోకి వచ్చాడు. పాటదారుతో మాట్లాడి పోయాడు.

"మొకం జూళ్ళేదు మస్తానమ్మా. యేసు సాచ్చిగా జూళ్ళేదు" అంది ఎలిశబెతు.

నలుగురిలో ఒకడు చచ్చాడు. మిగిలింది ముగ్గురు. ఆ ముగ్గురూ పదకొండేళ్ళ తర్వాత ఇప్పుడు మస్తానమ్మ ఎదుట, వలల పాకలో, బోర్లించిన తెప్ప చుట్టూ కూర్చుని గవ్వలు గలగలలాడిస్తున్నారు.

బయట వాయుగుండం గాలి. రెండు రోజులుగా సముద్రం మీదికి ఎవరూ పోలేదు. ఏరు పొంగి మొగలో సుడి తిరుగుతోంది. ఈ ఏడు మళ్ళీ వేలం, మళ్ళీ కొత్త పాటదారు, మళ్ళీ తడికెలు. ఏటి ఉద్ధృతికి తడికెల కాళ్ళు కదిలాయి. రేపు తెల్లవారుజామున పోయి నాలుగు మోకులు కోస్తే చాలు, మిగతా పని ఏరే చూసుకుంటుంది. ఈసారీ సంగతి తెలిసింది ఈ ముగ్గురికీ, మస్తానమ్మకూ, ఆమె కొడుకు కామాక్షయ్యకూ. ముందు పడవలో ముందు కూర్చునేది కామాక్షయ్య. పాక బయట వాడు కత్తి నూరుతున్న చప్పుడు గాలిలో కలిసి వస్తోంది.

అంటే మస్తానమ్మ చేతిలో ఉన్నది ఒక్క సాయంత్రం. ముగ్గురిలో ముఖం కప్పుకున్నవాడెవడో ఈ సాయంత్రం తేలకపోతే రేపు సరుగుడు తోపులో ఎవరు కాచుకుని ఉంటారో ఆమెకు తెలుసు.

కాలం ఆట మస్తానమ్మ పుట్టించిందే. ముసురు రోజుల్లో వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నప్పుడు మొదలైంది. తెప్ప మీద తడి ఇసక పరిచి ఏరు, మొగ, దిబ్బ గీస్తుంది. చిప్పలు పడవలు, గులకరాళ్ళు మనుషులు. ఏ కాలానికి పోవాలో ఆమె చెబుతుంది. ఎవడు ఎవడి వేషం కట్టాలో కూడా ఆమే చెబుతుంది. తన వేషం తాను కట్టకూడదు. పోయిన చోట ఏముందో ఆమెను అడగాలి, ఆమె చెప్పిందే అక్కడ ఉన్నట్టు. చేయదలచింది చెప్పి గవ్వలు వేయాలి. ఎక్కువ గవ్వలు వెల్లకిల పడితే పని అయినట్టు, బోర్లా పడితే చెడినట్టు. పాతకాలానికి పోయినవాడు ఈ కాలం వస్తువు పట్టుకుపోకూడదు. ఒకరి వంతులో ఇంకొకరు నోరు పెట్టకూడదు.

ఉప్పు పడవల కాలానికి పోయి వచ్చారు. ముందుకు కూడా పోయారు. రెండువేల సంవత్సరానికి పోయినప్పుడు చిన్నపోలయ్య గాల్లో ఎగిరే పడవ కొన్నాడు. హజరత్తయ్య మాత్రం "అప్పుడన్నా మొగకు వేలం ఉంటదా ఉండదా?" అని గవ్వలు వేశాడు. అన్నీ బోర్లా పడ్డాయి. "ఉంటది మామా, మనం తెంపకపోతే" అంది మస్తానమ్మ. ఆ పూట ఆట అంతటితో ముగిసింది, ఎవరికీ నవ్వు రాలేదు.

యాభైమూడుకు మాత్రం ఎప్పుడూ తీసుకుపోలేదు. ఇవాళ తీసుకుపోయింది.

"దురాయి రెండో దినం. మిట్టమద్యానం" అంది, వేలితో ఇసకలో పాక గుర్తు గీస్తూ.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఆ దినమెందుకు మే ఇప్పుడు?" అన్నాడు హజరత్తయ్య మెల్లగా. అరవై దాటిన మనిషి. ఊళ్ళో తగాదా వస్తే రెండు పక్షాలవాళ్ళూ ఆయన దగ్గరికే పోతారు. "రేపు పొద్దున పని పెట్టుకుని చచ్చినోళ్ళను లేపడం మంచిది కాదు."

"రేపు పని ఉండబట్టే మామా. అప్పుడు యాడ చెడిందో తెలిస్తే ఇప్పుడు చెడదు. నువ్వు పాటదారువి. పాకలో కూర్చోనుండావు."

"నా మొకానికి పాటదారు వేషమా!"

"చిన్నపోలయ్యా, నువ్వు మొకానికి తువ్వాలు కట్టుకున్నోడివి. అవతల గట్టున ఉండావు. పాకకాడికి పోవాల."

హజరత్తయ్య మాటకు నవ్వుతున్న చిన్నపోలయ్య నవ్వు ఆగిపోయింది. "అంటే ద్రోహి వేషం నాకా అక్కా? ఊళ్ళో ఇంకెవురూ దొరకలేదా?"

"వేషమే గదరా."

వేషమే. కాని మస్తానమ్మ పదకొండేళ్ళుగా అనుమానిస్తున్నది వాణ్ణే. వాగుడుకాయ. తాగితే అదుపు లేదు. ఆ గొడవ జరిగిన మరుసటి ఏడే కొత్త పడవ దింపాడు. ఉరి బిగించింది వాడి కోసమే. వాడు పాకలోకి ఎట్లా పోతాడో, ఏం తెలిసినట్టు పోతాడో చూడాలని ఆమె కాచుకుని కూర్చుంది.

"ఆదెయ్యా, నువ్వు..." అని ఒక్క క్షణం ఆగింది. "నువ్వు మీ అన్నవి."

ఆదెయ్య తలెత్తాడు. ముత్యాలయ్య పోయినప్పటినుంచీ ఆ ఇంటికి చేప తెచ్చి పడేసింది ఆదెయ్యే. కామాక్షయ్యకు తెప్ప నడపడం నేర్పింది ఆదెయ్యే. రేపు రెండో పడవ నడిపేదీ అతనే. "సరే వదినా" అన్నాడు, ఒక్క ముక్క.

ఎవరు ఏ వేషం కడితే వాళ్ళను ఆ పేరుతోనే పిలవాలన్నది ఆట కట్టడి. మొగుడి పేరు మస్తానమ్మ పెళ్ళినాటినుంచి నోటితో పలకలేదు. చచ్చాక కూడా పలకలేదు. కోర్టులో గుమాస్తా అడిగితే పక్కనున్నవాడిచేత చెప్పించింది. ఇవాళ పలికింది.

"ముత్యాలయ్యా, నువ్వు ఈ గట్టున కూర్చో. నీ వంతు తర్వాత."

గాలి పాక కప్పును పట్టి ఊపింది. చిన్నపోలయ్య గవ్వలు అందుకున్నాడు.

"మొకానికి తువ్వాలు. బుజాన నైలాను వల. ఎవురన్నా అడిగితే వల ఆరబెట్టుకోను పోతా ఉండానంటా."

"ఆ ఏడు నైలాను యాడిదిరా? నూలు వల" అంది మస్తానమ్మ.

"నైలాను వీడు చూసిందే మొన్న. అప్పుడే పాతకాలానికి ఎత్తుకపోయినాడు" అన్నాడు హజరత్తయ్య. ముగ్గురూ నవ్వారు. మస్తానమ్మ నవ్వినట్టు పెదవులు కదిపింది.

"సరేలే, నూలు వల. పాకకాడికి పోతా ఉండా." గవ్వలు వేశాడు. వెల్లకిల పడ్డాయి. "వచ్చేసినా. కావలోడు చూడకుండా, సముద్రం గాలికి వీపు పెట్టి, ఎనకపక్కకు తిరుక్కుని పడమటి వాకిట్లో..."

"పడమట వాకిలి యాడుందిరా దానికి? సముద్రం పక్కగదా!"

అన్నది ఆదెయ్య.

అనేసి, ఇసకలో పడిపోయిన గులకరాయిని నిలబెడుతూ ఉండిపోయాడు. ఏం అన్నాడో అతనికే తట్టలేదు. చేయితిరిగిన ఆటగాడు పక్కవాడి తప్పు చూసి ఊరుకోలేక నోరు జారినట్టు జారాడు.

మస్తానమ్మ వేలు ఇసక మీద ఆగిపోయింది.

ఆ తీరంలో ఇల్లు కట్టినా, పాక వేసినా, కోళ్ళగూడు పెట్టినా వాకిలి పడమటికే పెడతారు. సముద్రం వైపు వాకిలి పెడితే పొయ్యి నిలవదు, కంట్లో ఇసక నిలుస్తుంది. పసిబిడ్డకు కూడా తెలిసిన సంగతి. చిన్నపోలయ్య ఏమీ ఆలోచించకుండా పడమటికి తిరిగాడంటే వాడు ఆ పాకను ఎన్నడూ చూడలేదు. పదకొండేళ్ళు వాణ్ణి అనుమానించింది. వాడు కాదు.

గూడూరు ఆసామికి సముద్రం ఏం తెలుసు? తడికెలు కంటికి కనబడాలని వాకిలి తూర్పుకు పెట్టించాడు. పొయ్యి నిలవక, వాకిలికి తడిపిన గోనెపట్టా కట్టుకుని వండానని ఎలిశబెతు చెప్పింది. ఈ గట్టునుంచి చూస్తే దిబ్బ మీదుగా పాక కొప్పు తప్ప మరేమీ కనబడేది కాదు. గొడవ చీకట్లో జరిగింది, దిబ్బ ఎక్కినవాడు లేడు. ఆ తెల్లవారే పాటదారు మనుషులు తమ పాకకు తామే నిప్పు పెట్టుకుని, పాళెం వాళ్ళు తగలబెట్టారని కేసు రాయించారు. ఆ వాకిలి ఏ దిక్కున ఉందో తెలిసిన మొగపాళెం మనిషి ఒక్కడే. ముఖానికి తువ్వాలు చుట్టుకున్నవాడు.

"ముత్యాలయ్యా" అంది. రెండోసారి ఆ పేరు ఇంకా కష్టంగా వచ్చింది. "వాకిలి సముద్రం పక్క ఉండాదని నీకెవురు చెప్పినారు?"

"ఏందక్కా, వాకిలి కూడా పట్టించుకుంటా కూర్చుంటే ఎప్పటికి తెమిలేను? తూర్పైతే తూర్పు. తూర్పునుంచే దూరతా" అన్నాడు చిన్నపోలయ్య.

"నువ్వుండరా." ఆమె ఆదెయ్యనే చూస్తోంది. "నీ వంతు కాదు. నన్నడగలా. ఏ పాకకు పోయినా ముందు వాకిలెట్టుండాదని అడిగేవోడివి. ఇప్పుడడగలా."

"నువ్వే చెప్పినావు గదా వదినా. మొదట్లో."

"నేను చెప్పినానా మామా?"

హజరత్తయ్య గడ్డం నిమురుకున్నాడు. "లేదే. పాకని గీసింది. వాకిలి మాటే ఎత్తలా."

"అయితే... అన్న చెప్పినాడు." అన్నాడు ఆదెయ్య. "అవును, అన్నే. పాక జూసొచ్చినా, తెలివితక్కువ నాయాళ్ళు వాకిలి తూర్పుకు పెట్టినారురా అని నవ్వినాడు. ఇప్పుడు గుర్తొచ్చింది."

చూసి వచ్చాడంటే ఏరు దాటాడన్నమాట. దురాయి దాటాడన్నమాట. పాకలోకి పోయింది ముత్యాలయ్యేనా? మస్తానమ్మ కళ్ళ ముందు ఇసకలోని గీతలు అలుక్కుపోయాయి. మొగుడు చచ్చినా పేరు మిగిలిందని బతికింది. ఆ పేరు మీద చెయ్యి వేశాడు మరిది.

"అబద్దం."

ఆ మాట అన్నది హజరత్తయ్య. గొంతు పెంచలేదు.

"ఆ రెండు దినాలూ ముత్యాలయ్య ఈ గట్టున పడవలకాడ కావిలి. పెద్దకాపు పెట్టిన కావిలి. పొద్దుగూకులూ నేనూ వాడూ పక్కపక్కనే ఉండాం. ఏరు దాటలా. ఊరంతా చూసినారు. చచ్చినోడి మీద ఎందుకురా పెడతావు?"

బయట కత్తి నూరే చప్పుడు ఆగిపోయింది.

ఆదెయ్య తలగుడ్డ విప్పి నేల మీద పెట్టాడు. పాళెంలో మగవాడు ఊరి ముందు తలగుడ్డ తీసి కింద పెట్టాడంటే ఇక అబద్ధం ఆడనని. దాన్ని ఎవడూ ఊరికే తియ్యడు. తీశాక ఎవడూ నవ్వడు. చిన్నపోలయ్య చేతిలో గవ్వలు చప్పుడు లేకుండా ఇసకలో జారిపోయాయి.

"పోయినా" అన్నాడు ఆదెయ్య. "తువ్వాలు చుట్టుకుని పోయింది నేనే."

కామాక్షయ్య గుమ్మంలో ఉన్నాడు. ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు. చేతిలో కత్తి తెల్లగా మెరుస్తోంది. "చిన్నాయనా!" అన్నాడు. అది పిలుపో తిట్టో తెలియలేదు. ఒక్క అంగలో తెప్ప దగ్గరికి వచ్చాడు. చిన్నపోలయ్య లేచి వాణ్ణి నడుం దగ్గర వాటేసుకున్నాడు.

"వదులు మావా! మా నాయన్ని జంపినోడు నా పక్కన కూర్చోని నాకు తెప్ప నేర్పినాడు! వదులు!"

"కత్తి కింద పెట్టు" అంది మస్తానమ్మ.

"అమా!"

"కింద పెట్టమన్నా. వాణ్ణి నువ్వు పొడిస్తే, వాడు చెప్పాల్సింది వాడితోనే పోతది. ఆనక తోపులో ఎవురుండారో ఎవుర్నడగతావు?"

కత్తి నేల మీద పడింది. కామాక్షయ్య మాత్రం కదల్లేదు, రొప్పుతూ అక్కడే నిలబడ్డాడు.

"అన్నను పట్టియ్యను పోలా వదినా" అన్నాడు ఆదెయ్య. "గంగమ్మ మీద ఆన. నేను పోయింది ఎందుకంటే..."

"ఎందుకు పోయినావని నేనడగలా."

ఆమె గొంతు విని ముగ్గురూ తలెత్తారు. ఆట నడిపేటప్పటి గొంతు అది. తొణకదు, తొందరపడదు. అడిగింది చెప్పేదాకా కదలనివ్వదు. మస్తానమ్మకు ఇప్పుడు తన తప్పు కనిపించింది. చిన్నపోలయ్యను పట్టుకోవాలనే ఆత్రంలో ఆట నడిపేవాళ్ళు చేయకూడని పని చేసింది. అవతల గట్టున ఉండావు అనేసింది. ఏరు దాటించలేదు. మధ్యలో ఉన్న ఏటిని ఎగరగొట్టేసింది. అసలు ప్రశ్న ఆ ఏటిలోనే మునిగి ఉంది.

"ఎట్టా పోయినావు?" అంది.

ఆదెయ్య చూపు నేల మీది తలగుడ్డ మీదికి దించాడు.

"ఈదినానని అనబాక. వచ్చినోడి పంచె పొడిగా ఉండిందంట. గుడ్డలు తడిసుంటే ఎలిశబెతు పొయ్యికాడ ఆరబెట్టుకోమనేది. దురాయిలో ఊళ్ళో పడవలన్నీ, తెప్పలన్నీ గట్టు మీద ఒక్కచోట పెట్టి కావిలి పెట్టినారు. పొద్దుగూకులూ ఇద్దురు కావిలి." మస్తానమ్మ ఇసకలో రెండు గులకరాళ్ళు తీసి చిప్పల పక్కన పెట్టింది. "ఒకడు చచ్చినాడు. ఇంకొకడు ఈడ కూర్చోనుండాడు. ఆ ఇద్దుర్లో ఒకడు ఇయ్యకుండా నీకు తెప్ప రాదు."

చిన్నపోలయ్య తలతిప్పి హజరత్తయ్యను చూశాడు. కామాక్షయ్య కూడా చూశాడు. ముసలాయన మాత్రం ఎవరినీ చూడలేదు. కొంచెం ముందు అంత నిబ్బరంగా సాక్ష్యం చెప్పిన మనిషి, ఇప్పుడు పాటదారు వేషపు గులకరాయి మీద అరచెయ్యి పెట్టుకుని, రెప్ప వేయకుండా ఇసకలోకి చూస్తున్నాడు. భయపడ్డవాడు అట్లా ఉంటాడు. బాధపడ్డవాడూ అట్లాగే ఉంటాడు. ఏదో తేల్చుకోవడానికి ఆమె దగ్గర టైము లేదు.

తెప్ప ఇచ్చినవాడు హజరత్తయ్య అయితే రేపటి సంగతి కూడా ఈపాటికే ఏరు దాటి ఉంటుంది. ముత్యాలయ్య అయితే దురాయి దాటించిన పాపం మొగుడిదే. తోడబుట్టినవాడు అడిగితే కాదనలేని మనిషి ముత్యాలయ్య. ఆ సంగతి ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"చెప్పరా" అన్నాడు చిన్నపోలయ్య.

ఆదెయ్య హజరత్తయ్య వైపు తిరగలేదు. వదిన ముఖంలోకి చూశాడు. పదకొండేళ్ళలో ఆమె కళ్ళలోకి అతను సూటిగా చూడటం అదే మొదలు.

"ఆ పేరు నువ్వు మొయ్యలేవు వదినా" అన్నాడు.

మస్తానమ్మ తెప్ప మీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగింది. ఇసకలో గీసిన ఏరు, మొగ, పాక ఆమె అరచేతుల కింద చెదిరిపోయాయి.

"తెల్లారి మొగకాడికి పోయేది నా కొడుకు. మోస్తా. తెప్ప ఎవురిచ్చినారు?"